సీటూ చోటూ: నల్లగొండ, పాలమూరు సీమలో విశ్వవిద్యాలయ విద్యార్థుల నివాసం

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థికి మూడు అవసరాలు వెంటనే ఎదురవుతాయి: ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, పొద్దున తరగతికి ఎలా చేరాలి. ఈ మూడింటికీ కుదిరే ఏర్పాటే విద్యార్థి నివాసం. దక్షిణ తెలంగాణ మెట్టసీమ అయిన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఇది ప్రధానంగా నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని హాస్టల్. రెండోది ప్రభుత్వ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టల్ లేదా గురుకుల డిగ్రీ కళాశాల. మూడోది కిరాయి గది, దానికి తమ్ముడి వరసైన ప్రైవేటు హాస్టల్. నాలుగోది ఇంటి నుంచే రోజూ బస్సులో వచ్చిపోవడం. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది విద్యార్థి ఇష్టాయిష్టాల విషయంగా చెప్పడం పరిపాటి. అయితే ఈ రెండు జిల్లాల చరిత్ర, భూగోళం, కుటుంబ ఆదాయాలు కలిపి చూస్తే వేరే సంగతి తేలుతుంది. ఇక్కడ సీటు రావడం ప్రవేశంలో సగమే, చోటు దొరకడం మిగతా సగం. చోటు దొరకని సీటు చాలాసార్లు కాగితం మీదే మిగిలిపోతుంది.

నేపథ్యం

చదువుకునేవారికి ఒకే కప్పు కింద నీడ, తిండి అమర్చడం ఈ నేలకు కొత్త కాదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద బయల్పడ్డ బౌద్ధ విహారాల్లో భిక్షువులు ఉండే చిన్న గదుల వరసలు ఈనాటికీ కనిపిస్తాయి. ఆ తర్వాతి కాలంలో తెలుగునాట బాగా వాడుకలో ఉన్న పద్ధతి వారాలు. పరాయి ఊళ్లో చదువుకునే పిల్లవాడు సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోంచేస్తూ వారం గడిపేవాడు. ఊరి దయ మీద నడిచిన ఈ ఏర్పాటు చాలామంది పండితులను తయారుచేసింది. కానీ ఆ దయకు కులం హద్దు ఉండేది. వారాలు దొరికింది ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే. మిగతా కులాల పిల్లవాడికి, అందులోనూ అంటరానివాడన్న ముద్ర మోసినవాడికి, పట్నంలో అన్నం పెట్టే గడప ఉండేది కాదు. ఆడపిల్ల సంగతి ఆ లెక్కలోకే రాలేదు. తర్వాత వచ్చిన ప్రతి ఏర్పాటునూ అంతకుముందు ఎవరికి గడప లేదో వారికోసం తెరిచిన గడపగా చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

నిజాం పాలనలో అలాంటి మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్. దాని వెనకనున్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పాలమూరు సీమ మనిషి, తర్వాతి రోజుల్లో నగర కొత్వాల్. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ ఏడే. పల్లెల నుంచి వచ్చే రైతుబిడ్డలకు నగరంలో చుట్టాలు లేని లోటును ఈ హాస్టల్ తీర్చింది. అలంపురం ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యత చూస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదువుకున్నవారే. ఒకరు గోలకొండ పత్రికను నడిపారు, మరొకరు ఆంధ్ర మహాసభను ప్రజా ఉద్యమంగా మలిచినవారిలో నిలిచారు. మంచం, కంచం కోసం కట్టిన ఇల్లు ఆలోచనలు కలిసే చోటుగా మారుతుందనడానికి ఇది గట్టి ఉదాహరణ. 1938లో ఉస్మానియా హాస్టళ్ల ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడటంపై నిషేధం వచ్చినప్పుడు విద్యార్థులు సమ్మెకు దిగారు. బహిష్కరణకు గురైనవారిలో చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

అదే నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. నేడు ఆ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పేద గ్రామీణ విద్యార్థికి చదువు, వసతి ఒకే పొట్లంగా అందాలన్న ఆలోచన తెలుగు రాష్ట్రాల్లో వేల మందికి చేరిన దారి అక్కడే మొదలైంది. 2016లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ 30 మహిళా డిగ్రీ కళాశాలలు తెరవడంతో ఆ ఆలోచన బడి దాటి డిగ్రీ దాకా వచ్చింది. ఈలోగా రెండు జిల్లాలకూ సొంత విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. 2007లో నల్లగొండ విశ్వవిద్యాలయంగా మొదలై తర్వాత మహాత్మాగాంధీ పేరు పెట్టుకున్నది ఒకటి. 2008లో మహబూబ్‌నగర్‌లో ఏర్పడ్డ పాలమూరు విశ్వవిద్యాలయం రెండోది. అంతకుముందు రెండు చోట్లా ఉన్నవి ఉస్మానియా పీజీ కేంద్రాలే.

దూరం, ఆదాయం, తాళం వేసిన ఇల్లు

ఈ రెండు విశ్వవిద్యాలయాల ప్రాంగణాలూ ఊరి నడిమధ్య లేవు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నల్లగొండ పట్టణం వెలుపల అన్నెపర్తి దగ్గర ఉంది. పాలమూరు విశ్వవిద్యాలయం మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు వెళ్లే దారిలో బండమీదిపల్లి దగ్గర ఉంది. అంటే దేవరకొండ తండా నుంచో, అచ్చంపేట అడవి అంచు నుంచో బయలుదేరినవాడు జిల్లా కేంద్రం చేరాక ఇంకో బండి ఎక్కాలి. 2016లో జిల్లాలను చీల్చినప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, సూర్యాపేట, భువనగిరి జిల్లా కేంద్రాలయ్యాయి. 2019లో నారాయణపేట ఆ వరసలో చేరింది. కలెక్టరేట్లు ఊళ్లకు దగ్గరయ్యాయి గానీ విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణాలు ఉన్నచోటే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అట్టడుగు. నల్లగొండది 64 శాతం. ఈ అంకెల వెనక ఉన్నది, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న తరం. హాస్టల్ దరఖాస్తు ఎప్పుడు, ఎక్కడ వేయాలో చెప్పే అన్న గానీ అక్క గానీ ఇంట్లో లేని తరం.

దీనికి తోడు వలస. మక్తల్, నారాయణపేట, కొడంగల్, కోస్గి వైపు పల్లెల నుంచి ముంబయి, పుణె, హైదరాబాదులకు కూలికి పోవడం తరాలుగా సాగుతోంది. పాలమూరు లేబర్ అన్న మాట ఆనకట్టలు కట్టిన కాలం నుంచీ దేశానికి తెలుసు. పంట చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి మిగతావాళ్లంతా బయలుదేరతారు. ఇంటి నుంచే వచ్చిపోవచ్చు కదా అని చెప్పే సలహా, ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న నమ్మకం మీద నిలబడుతుంది. అన్ని ఇళ్ల విషయంలోనూ ఆ నమ్మకం చెల్లదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఇంటికీ, వాన చూసి బతికే దేవరకొండ, మునుగోడు వైపు ఇంటికీ ఈ విషయంలో పోలికే లేదు. ఒకే జిల్లా, ఒకే మార్కులు, ఒకే కోర్సు ఉన్నా ఇద్దరు విద్యార్థుల ముందున్న నివాసపు దారులు ఒకటి కావు.

నాలుగు దారులు

విశ్వవిద్యాలయ హాస్టల్‌లో ఖర్చు సాధారణంగా గది అద్దె కంటే మెస్ బిల్లు రూపంలో తెలుస్తుంది. చాలాచోట్ల నడిచేది డివైడింగ్ పద్ధతి. నెలలో అయిన సరుకులు, గ్యాస్, వంటవాళ్ల జీతాల మొత్తాన్ని తిన్నవారి సంఖ్యతో భాగిస్తారు. పేరు నమోదు లేకుండా గదుల్లో ఉండి తినే నాన్ బోర్డర్లు పెరిగితే ఆ భారం నమోదైనవారి బిల్లులోకే వస్తుంది. నాన్ బోర్డర్‌ను తప్పుపట్టడం తేలిక, కానీ అతడూ చోటు దొరకని సీటుకు మనిషి రూపమే. ప్రభుత్వ సంక్షేమ హాస్టల్‌లో విద్యార్థి చేతి నుంచి బిల్లు కట్టే పని లేదు. ప్రభుత్వం నెలకు తలకింత అని డైట్ చార్జీ ఇస్తుంది. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 రూపాయలుగా ఉన్న దీన్ని 2024లో 2,100కు పెంచారు. రోజుకు 70 రూపాయలన్నమాట. అందులోనే పొద్దుటి టిఫిను, రెండు పూటల అన్నం, కూర, గుడ్డు సర్దాలి. 2015 జనవరి నుంచి దొడ్డుబియ్యం స్థానంలో సన్నబియ్యం రావడం పళ్లెంలో వెంటనే కనిపించిన మార్పు. కూరా చారూ బాగుండటం మాత్రం ఈనాటికీ వార్డెన్ నిజాయితీ మీద, మెస్ కమిటీ పట్టుదల మీద ఆధారపడుతుంది.

హాస్టల్ దొరకనివాడి దారి కిరాయి గది. ఇద్దరు ముగ్గురు కలిసి గది పట్టి, గ్యాస్ పొయ్యి మీద తామే వండుకుంటారు. పద్దులో అద్దె ఒక్కటే కనిపిస్తుంది గానీ అడ్వాన్సు, కరెంటు, బియ్యం, సిలిండరు, అంట్లు తోమే వంతు అన్నీ ఉంటాయి. గది వెతుకులాటలో డబ్బుతో తీరని చిక్కు ఇంకోటి. బ్యాచిలర్లకు ఇవ్వమన్నది బయటికి చెప్పే మాట. మీరెవరు అని ఓనర్ అడిగే ప్రశ్నకు ఊరి పేరు జవాబు కాదని అడిగినవారికీ, చెప్పేవారికీ తెలుసు. ప్రైవేటు హాస్టల్ ఈ ప్రశ్న వేయదు, నెల మొదట్లో డబ్బు అడుగుతుంది. హైదరాబాదు వెళ్లినవారిలో చాలామందికి దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేటల్లో రెండు, మూడు, నాలుగు షేరింగ్ గదుల ఈ లోకం పరిచయమే. నెలకు 20,000 రూపాయల లోపు అద్దెతో కనీసం 90 రోజులు ఉండే వసతికి 2024లో జీఎస్టీ మినహాయింపు దక్కడం వీటిలో ఉండేవారికి కొంత ఊరట. నాలుగో దారి అప్ అండ్ డౌన్. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ ఖర్చు పోయింది. అబ్బాయిలకు స్టూడెంట్ పాసే దిక్కు.

మొదటి ఏడు ఎందుకు ముఖ్యం

నాలుగు దారుల్లో మొదటి ఏడాదికి ప్రాంగణ హాస్టలే మేలని ఈ వ్యాసం వాదన. కారణం సౌకర్యం కాదు, కాలం. పల్లెవెలుగు బస్సులో రెండు గంటల దూరం నుంచి వచ్చే విద్యార్థికి రానూపోనూ రోజుకు నాలుగు గంటలు, వారంలో ఆరు రోజులకు 24 గంటలు రోడ్డు మీదే పోతాయి. వారానికి ఒక పగలూ ఒక రాత్రీ కలిపినంత. బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోతుంది. పీరియడ్లు పోతే హాజరు తగ్గుతుంది. ఉపకార వేతనానికి 75 శాతం హాజరు తప్పనిసరి కాబట్టి, బస్సు ఆలస్యం చివరికి ఫీజు బాకీగా మారుతుంది. టికెట్ ఉచితమైతే ఈ గొలుసులో మొదటి లంకె మాత్రమే తెగుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. కిరాయి గదిలో రోడ్డు మీది గంటలు మిగులుతాయి గానీ వంట, నీళ్లు, బజారు వాటిని తినేస్తాయి. ఇంగ్లిష్ మీడియం పాఠం మొదటిసారి వింటున్న తెలుగు మీడియం విద్యార్థికి సాయంత్రం పూట పక్క గదిలో సీనియర్ దొరకడం, ఆ సందేహం అక్కడే తీరడం వెల కట్టలేని సంగతి. స్కాలర్‌షిప్ గడువు, పరీక్ష ఫీజు, నోటిఫికేషన్ వంటి కబుర్లన్నీ మెస్ వరసలో నిలబడ్డవాడికి అడక్కుండానే చెవిన పడతాయి.

దీనికి బయటి ప్రపంచం నుంచి కూడా సాక్ష్యం ఉంది. అమెరికాలో అలెగ్జాండర్ ఆస్టిన్ 1977లో ప్రచురించిన విస్తృత అధ్యయనం, ప్రాంగణంలో ఉన్న విద్యార్థులు చదువు మధ్యలో మానే అవకాశం తక్కువని చెప్పింది. దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. హాస్టళ్లలో చేరేవాళ్లు ముందే కాస్త కలిగినవాళ్లు, పట్టుదల ఉన్నవాళ్లు కావచ్చు, ఫలితం హాస్టల్‌ది కాకపోవచ్చు. అమెరికా విషయంలో ఈ అనుమానానికి బలం ఉంది. మన జిల్లాల్లో మాత్రం తక్కెడ తిరగబడుతుంది. ఇక్కడ ప్రభుత్వ, విశ్వవిద్యాలయ హాస్టళ్ల కోసం పోటీపడేది ఎక్కువగా పేద, దూరపు ఊళ్ల పిల్లలే. కలిగినవాళ్లు హైదరాబాదుకో, ప్రైవేటు హాస్టల్‌కో వెళ్తారు. బలహీనమైన స్థితిలో చేరినవారు నిలదొక్కుకుని డిగ్రీ పట్టుకుని బయటపడుతుంటే, అందులో హాస్టల్ పాత్రను కొట్టిపారేయడం కష్టం.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం, ఊరికి దగ్గర్లోనే కళాశాల పెడితే హాస్టల్ అక్కర్లేదు కదా అన్నది. డిగ్రీ వరకు ఇందులో నిజముంది. వనపర్తి, గద్వాల, దేవరకొండల్లోని ప్రభుత్వ కళాశాలలు లేకుంటే ఎంతోమంది ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆగేది. కానీ ల్యాబు, గ్రంథాలయం, అన్ని సబ్జెక్టుల అధ్యాపకులు కావలసిన పీజీని మండలానికొకటి పంచలేం. పంచితే బోర్డు మిగులుతుంది, చదువు మిగలదు. పైగా ఇల్లు దగ్గరైనంత మాత్రాన చదువుకు తీరిక దొరకదు. పత్తి ఏరే కాలంలో ఇంటి దగ్గరున్న అమ్మాయి ముందుగా కూలి మనిషి, తర్వాతే విద్యార్థిని.

రెండోది, మంచం బదులు డబ్బే ఇస్తే విద్యార్థి తనకు నచ్చిన చోట ఉంటాడన్న వాదన. నిర్వహణ భృతి పేరిట ఇచ్చేది ఉద్దేశంలో ఇదే. దళిత విద్యార్థులకు భారత ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944లో మొదలైంది, దాని మేలు ఎవరూ కాదనలేరు. అయితే డబ్బు ఓనర్ మనసును మార్చదు. గది అడ్వాన్సు జూలైలో కట్టాలి, భృతి ఏ నెలలో వస్తుందన్నది విద్యార్థి చేతిలో ఉండదు. ఆలస్యమైన భృతిని ముందు అప్పు, తర్వాత వడ్డీ మింగుతాయి. హాస్టల్ మంచం చేరిన రోజు నుంచే మంచం.

మూడోది తిండి, శుభ్రత. సంక్షేమ హాస్టళ్లలో కలుషితాహారంతో విద్యార్థులు ఆస్పత్రి పాలయ్యారన్న వార్తలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఈ విమర్శను తేలిగ్గా తీసుకోకూడదు. రోజుకు 70 రూపాయలతో మంచి భోజనం పెట్టమనడం వంటమనిషికి పెట్టే పరీక్ష మాత్రమే కాదు, ప్రభుత్వానికి కూడా పరీక్షే. కానీ లోపం కనిపించడమే హాస్టల్‌లోని ఒక మేలు. 200 మంది ఒకేచోట తినే అన్నం చెడితే పేపర్లో వస్తుంది. కిరాయి గదిలో పరీక్షల ముందు పచ్చడి మెతుకులతో, ఖాళీ కడుపుతో పడుకున్నవాడి సంగతి ఎక్కడా నమోదు కాదు.

నాలుగోది ర్యాగింగ్, రాజకీయాల భయం. ర్యాగింగ్‌ను నేరంగా పరిగణించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. యూజీసీ 2009 నిబంధనలు కొత్తవారిని వీలైనంత వరకు వేరే బ్లాకులో ఉంచాలని, విద్యార్థి, తల్లిదండ్రుల నుంచి ప్రమాణపత్రాలు తీసుకోవాలని చెబుతున్నాయి. 1800-180-5522 జాతీయ సహాయ నంబరు అన్ని వేళలా పనిచేస్తుంది. ఇక రాజకీయాలంటారా, 1938 నుంచి తెలంగాణ ఉద్యమం దాకా హాస్టళ్లు ఈ ప్రాంతపు ప్రజాజీవితానికి మనుషులను ఇచ్చాయి. అందులో చదువు నష్టపోయిన రోజులూ ఉన్నాయి, చదువు వల్లే వచ్చిన చైతన్యమూ ఉంది. ఐదో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదురుదిక్కు నుంచి వస్తుంది. ఆడపిల్లల హాస్టళ్లలో గేటు వేళలు మరీ బిగువని, పెద్దవాళ్లను చిన్నపిల్లలుగా చూస్తారని. 2015లో ఢిల్లీలో మొదలైన పింజ్రా తోడ్ ఉద్యమం లేవనెత్తింది ఈ ప్రశ్ననే. గ్రంథాలయం రాత్రి దాకా తెరిచి ఉంచి, అమ్మాయిల గేటు సాయంత్రమే మూస్తే ఒకే ఫీజుకు రెండు రకాల చదువు అమ్మినట్టే. ఇది హాస్టల్ వద్దనడానికి కారణం కాదు, వేళలు మార్చడానికి కారణం.

ఎంచుకునే ముందు

ఈ వాదన అందరికీ ఒకే మందు రాయదు. ఇల్లు అరగంట దూరంలో ఉండి, చదువుకునేందుకు ఓ మూల దొరికేవారికి ఇంటి నుంచి రావడమే మంచిది. అలాంటివారు వదిలిన మంచం దూరపు ఊరి పిల్లలకు అందుతుంది. పరిశోధనకో, ఉద్యోగ పరీక్షలకో నిశ్శబ్దం కావలసినవారికి రెండో ఏడు గది మేలు చేయవచ్చు, అప్పటికి ఊరూ, మనుషులూ తెలిసి ఉంటారు. ఏ దారి పట్టినా చేరకముందే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మెస్ డిపాజిట్ ఎంత, అది తిరిగి ఇస్తారా? బతుకమ్మ, దసరా సెలవులకు ఇంటికి వెళ్తే ఆ రోజుల బిల్లు తగ్గుతుందా? మర్రిగూడ, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ ఎముకలను వంచిన జిల్లాలో, తాగేది బోరు నీళ్లా, కృష్ణా నీళ్లా? ఆఖరి బస్సు ఎన్నింటికి? వేసవిలో హాస్టల్ మూస్తే, ఇంటికి తాళం ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నలు అడగడం నామోషీ కాదు, కోర్సు గురించి అడిగినంత సహజం.

విశ్వవిద్యాలయం వైపు నుంచి జరగవలసిన పని ఒకటే, కానీ దాని ఫలితం పెద్దది. సీట్ల సంఖ్య ప్రకటించే పట్టికలోనే పక్క గడిలో మంచాల సంఖ్య కూడా ప్రకటించడం. ఆ రెండు అంకెల మధ్య తేడా కళ్లెదుట ఉంటే విద్యార్థి ముందే దారి చూసుకుంటాడు, ప్రభుత్వం జవాబు చెప్పుకోవలసి వస్తుంది. వారాలు చేసుకున్న పిల్లవాడి తలలో పాఠంతోపాటు ఒక లెక్క నడుస్తుండేది, రేపు ఎవరింట్లో అని. ఆ లెక్క తల నుంచి దించడానికే హాస్టల్ పుట్టింది. ఇవాళ బస్సు వేళలు, గది అద్దె, సిలిండరు వంతుల రూపంలో అదే లెక్క మళ్లీ కొత్త విద్యార్థి నోటుబుక్కు చివరి పేజీలోకి చేరుతోంది. పాఠం రాసుకోవలసిన పేజీ అది.